ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది, ఇప్పుడే మానేయమంటున్నారు

ప్రకాశం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్ ఒకరు మాకు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రమే ఇక్కడ ఇస్తున్నాం. ఆమె 1989లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరారు, తర్వాత ప్రమోషన్ మీద హైస్కూలుకు వచ్చారు. 2025 సెప్టెంబరులో అరవై నిండాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడున్న నిబంధన ప్రకారం 62 నిండే 2027 సెప్టెంబరు 30 దాకా ఉద్యోగం చేయవచ్చు.

భర్త ఒక ప్రైవేటు మిల్లులో పనిచేసి ఆరేళ్ళ కిందట ఇంటికి వచ్చేశారు. ఆయనకు వచ్చే ఈపీఎఫ్ పెన్షన్ మూడు వేల లోపే. షుగరు ఉంది, ఏడాది కిందట గుండెకు స్టెంట్ వేశారు. ఆగస్టులో ఒకరోజు ఆమె బడిలో ఉండగా ఆయనకు షుగరు పడిపోయి, వంటింటి గడప దగ్గర కూలబడ్డారు. ఎదురింటివాళ్ళు చూసి పంచదార నీళ్ళు తాగించారు. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి ఆయన మామూలుగా పేపరు చదువుకుంటున్నారు, ఆ సంగతి ఎదురింటావిడ చెబితేగానీ తెలియలేదు. బెంగళూరులో కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు. నాలుగు నెలల మనవడు ఉన్నాడు, కోడలి ప్రసూతి సెలవు జనవరిలో అయిపోతుంది. "ఇంక చాలమ్మా, ముప్పై ఆరేళ్ళు చేశావు, మానేసి వచ్చెయ్" అని కొడుకు ప్రతి ఆదివారం అడుగుతున్నాడు. భర్త మాత్రం ఊరు వదలనంటున్నారు. ఆయన స్నేహితులు, గ్రంథాలయం, పొద్దుటి నడక అన్నీ ఇక్కడే ఉన్నాయి.

స్టాఫ్‌రూములో సాటివాళ్ళది ఇంకో మాట: రెండేళ్ళ జీతం ఎవరైనా వదులుకుంటారా అని. టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీకి చదువుతున్న అక్క కొడుకు, మీలాంటివాళ్ళు 62 దాకా కూర్చుంటే మాకు పోస్టులెప్పుడొస్తాయి పిన్నీ అన్నాడట. నవ్వుతూనే అన్నాడట, కానీ ఆమెకు గుచ్చుకుంది. ఇంటి అప్పు ఇంకా నాలుగేళ్ళుంది. మోకాళ్ళ నొప్పి ఉంది, ఫోనులో హాజరు, ఫొటోలు, లెక్కల నమోదులు విసుగు పుట్టిస్తున్నాయి. "పాఠం చెబుతున్నంతసేపూ మోకాళ్ళు గుర్తుకు రావు, స్టాఫ్‌రూముకు వచ్చి కూర్చున్నాక గుర్తొస్తాయి" అని ఒకచోట రాశారు. వాలంటరీ రిటైర్మెంట్ తీసుకోవాలా, చివరిదాకా చేయాలా అన్నది ఆమె ప్రశ్న.

టీచరు గారూ,

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఉద్యోగం మానాలా, కొనసాగాలా అని ఒకే ప్రశ్నగా మీరు అడిగారు గానీ, అందులో మూడు వేర్వేరు విషయాలు ముడిపడి ఉన్నాయి. మీవారిని పగటిపూట ఎవరు కనిపెట్టుకుని ఉండాలన్నది ఒకటి. మనవణ్ణి జనవరి నుంచి ఎవరు చూసుకోవాలన్నది రెండోది. మీరు ఇంకా ఎంతకాలం పాఠం చెప్పాలనుకుంటున్నారన్నది మూడోది. ఈ మూడింటికీ మీ విరమణ ఒక్కటే జవాబన్నట్లు ఇంట్లో మాట్లాడుకుంటున్నారు. కానీ కాస్త ఆగి చూడండి: మీరు రేపే ఉద్యోగం మానేసి బెంగళూరు వెళితే, ఊరు వదలనంటున్న ఆయన ఇప్పుడు పగలు మాత్రమే ఒంటరిగా ఉంటున్నవారు అప్పుడు రాత్రీ పగలూ ఒంటరి అవుతారు. ఆయన కోసమని ఊళ్ళోనే ఉండిపోతే మనవడి సమస్య ఎక్కడిదక్కడే ఉంటుంది. మీ ఉద్యోగాన్ని రెండు వైపుల నుంచీ లాగుతున్న అవసరాలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. అందుకే ఎంత ఆలోచించినా మీకు తెగడం లేదని నాకనిపిస్తోంది. మీలో నిర్ణయం తీసుకునే శక్తి లేక కాదు.

ముందుగా డబ్బు సంగతి తేల్చుకుందాం. అది తేలితే మిగతావి కొంచెం నెమ్మదిగా ఆలోచించవచ్చు. మీరు 1989లో చేరారు కాబట్టి, 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి వర్తించే, ఉద్యోగి వాటాతో నడిచే సీపీఎస్ పెన్షన్ పథకం మీకు లేదు, పాత పెన్షనే వస్తుంది. ఇరవై ఏళ్ళ సర్వీసు నిండినవారెవరైనా మూడు నెలల ముందు నోటీసు ఇచ్చి స్వచ్ఛందంగా విరమించవచ్చు. పూర్తి పెన్షన్‌కు కావలసినది 33 ఏళ్ళ అర్హ సర్వీసు. జీతం లేని సెలవులు ఎక్కువగా పెట్టి ఉండకపోతే మీకది ఎప్పుడో దాటిపోయింది. అంటే ఈ రెండేళ్ళు చేయనందువల్ల మీ పెన్షన్‌లో సర్వీసు కోత అనేది ఉండదు. పెన్షన్ అంటే చివరి మూల వేతనంలో సగం. లెక్క సులువుగా ఉండటానికి మీ మూల వేతనం లక్ష రూపాయలనుకోండి. ఇప్పుడు లక్ష, దానిమీద కరువు భత్యం (డీఏ), ఇంటి అద్దె భత్యం వస్తున్నాయి. విరమిస్తే యాభై వేలు, దానిమీద అదే శాతం కరువు భృతి వస్తాయి. కాబట్టి ఇకమీదట బడికి వెళ్ళి మీరు నెలనెలా అదనంగా సంపాదించేది ఆ మిగతా సగాన్నీ, ఇంటద్దె భత్యాన్నీ మాత్రమే. రెండేళ్ళ జీతం వదులుకుంటున్నారు అని స్టాఫ్‌రూములో అంటున్నది నిజం కాదు, వదులుకునేది దాదాపు అందులో సగం. మధ్యలో వచ్చే ఇంక్రిమెంట్లు పెన్షన్‌ను కొద్దిగా పెంచుతాయి, దాన్నీ కలుపుకోండి. ఆ సగం చిన్న మొత్తమని నేననడం లేదు. ఇంటి అప్పు ఉన్న మీకు అది పెద్ద మొత్తమే కావచ్చు. కానీ పోల్చవలసిన అంకె అది.

రెండో జాగ్రత్త కమ్యుటేషన్ గురించి. పెన్షన్‌లో నలభై శాతం దాకా అమ్ముకుని ఒకేసారి సొమ్ము తీసుకోవచ్చని మీకు తెలుసు, చాలామంది ఆలోచించకుండా పూర్తిగా నలభై శాతానికీ సంతకం పెట్టేస్తారు. పైన చెప్పిన యాభై వేలలో ఇరవై వేలు అలా పోతే, నెలకు చేతికి వచ్చేది ముప్పై వేలు, దాంతోపాటు పూర్తి యాభై వేల మీద లెక్కగట్టిన కరువు భృతి. కోసేసిన భాగం మళ్ళీ కలిసేది పదిహేనేళ్ళ తర్వాత. అప్పటికి మీకు డెబ్భై అయిదు దాటుతాయి. ఇంట్లో రెండో ఆదాయం మూడు వేల లోపే ఉన్నప్పుడు, ఆయన మందులు నెలనెలా తప్పనివి అయినప్పుడు, ఇది చిన్న విషయం కాదు. బ్యాంకుకు వెళ్ళి ఈ రోజున అప్పు మొత్తం తీర్చేయాలంటే ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము, జిల్లా పరిషత్ భవిష్యనిధి (జడ్పీ పీఎఫ్), ఏపీజీఎల్ఐ బీమా సొమ్ము, ఇవన్నీ ఎంత వస్తాయో పక్కన వేసుకోండి. వాటితోనే అప్పు తీరేటట్లయితే పెన్షన్‌ను అంతగా కోయించుకోవలసిన అవసరం ఉండకపోవచ్చు. ఒక్క మాట: రిటైరైన రోజునే ఇవన్నీ చేతికి అందుతాయని మాత్రం లెక్క వేసుకోవద్దు, కొన్ని నెలలు ఈఎంఐ కట్టగలిగేంత సొమ్ము పక్కన ఉంచుకునే దిగండి. మీ సర్వీసు రిజిస్టరును (ఎస్ఆర్) ఇప్పుడే ఒకసారి మొదటి పేజీ నుంచి చివరిదాకా చూసుకోండి. ఎక్కడైనా ఇంక్రిమెంటు నమోదు కాకపోయినా, సర్వీసు వెరిఫికేషన్ సంతకం లేకపోయినా, మీరు బడిలో ఉండగా సరిచేయించుకోవడం వేరు, ఊళ్ళు మారాక తిరగడం వేరు.

ఆయన వైద్యం గురించిన భయం మీ ఉత్తరంలో కనిపించింది. ఉద్యోగుల ఆరోగ్య పథకం పెన్షనర్లకూ వర్తిస్తుంది, విరమించినంత మాత్రాన అది పోదు. అయితే బెంగళూరులో ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో, అసలు చెల్లుతుందో లేదో, వెళ్ళకముందే కనుక్కోవలసిన విషయం.

ఇప్పుడు ఆ ఆగస్టు సంఘటన. అది మిమ్మల్ని ఎంతగా కుదిపిందో నాకర్థమైంది. మీరు ఇంట్లో ఉండి ఉంటే అలా జరిగేది కాదని మీరు నమ్ముతున్నారు. కావచ్చు. కానీ షుగరు అలా పడిపోవడం, ముందుగా, మందుల మోతాదునూ భోజన వేళలనూ డాక్టరు మళ్ళీ చూడవలసిన సంకేతం. ఆ పని చేయించారో లేదో మీరు రాయలేదు. చేయించకపోతే ఈ వారంలోనే చేయించండి, మీ ఉద్యోగం సంగతి తేలేదాకా అది ఆగనక్కర్లేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చి వేడిగా వడ్డించి, ఆయన తిన్నారో లేదో చూసి వెళ్ళే మనిషి ఒకరు దొరికితే, ఇంట్లో గ్లూకోమీటరు ఉండి, ఆయన జేబులో ఎప్పుడూ నాలుగు గ్లూకోజు బిళ్ళలు ఉంటే, ఎదురింటావిడ దగ్గర మీ బడి నంబరు ఉంటే, మీ భయంలో చాలా భాగం తగ్గుతుంది. ఆ సంగతి ఆయన మీకు చెప్పకుండా దాచడం నన్ను ఇంకాస్త ఆలోచింపజేసింది. మీ ఉద్యోగానికి తాను అడ్డం కాకూడదని ఆయన అనుకున్నారేమో, లేక తాను బలహీనపడ్డానని ఒప్పుకోవడం కష్టమైందేమో. "నీ ఇష్టం" అని ఆయన అన్నారని రాశారు. ఆ మాట దగ్గర ఆగిపోకుండా, పగలంతా ఒక్కడివే ఉండటం నీకు ఎలా ఉంటోంది అని సూటిగా అడిగి చూడండి. ఆయన చెప్పే జవాబు మీ లెక్కను మార్చవచ్చు.

మనవడి విషయం వచ్చేసరికి నేను కొంచెం గట్టిగా మాట్లాడాలి. మీ అబ్బాయి మిమ్మల్ని విశ్రాంతి తీసుకోమంటున్నానని అనుకుంటున్నాడు. అతని ప్రేమను నేను శంకించడం లేదు. కానీ ఏడు నెలల బిడ్డను ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా చూసుకోవడం విశ్రాంతి కాదు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి అది బడి కంటే కష్టమైన పని. ఎత్తుకోవాలి, కింద కూర్చుని లేవాలి, పాకడం మొదలుపెట్టాక వెంట తిరగాలి. ఆ పని మీకు ఇష్టమైతే సంతోషంగా చేయండి, మనవడి మొదటి ఏడాది మళ్ళీ రాదన్నదీ నిజమే. కానీ దాన్ని పనిగా గుర్తించి, పనిలాగే మాట్లాడుకోండి: ఎన్ని నెలలు, వారంలో ఏ రోజు మీకు సెలవు, వంట ఎవరిది, ఆయన అక్కడ ఎలా పొద్దుపుచ్చుతారు, మీరు ఊరికి వెళ్ళాలనుకుంటే అప్పుడు బిడ్డను ఎవరు చూస్తారు. కొడుకుతో మాత్రమే కాకుండా కోడలితో కూడా కూర్చుని మాట్లాడండి. మీ ఉత్తరం మొత్తంలో ఆ అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క వాక్యమూ లేదు. అత్తగారు వచ్చి ఉండాలని ఆమెకు ఉందో, పగటిపూట పసిపిల్లల సంరక్షణ కేంద్రం (క్రెష్) చాలనుకుంటోందో మీకూ తెలియదేమో. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పటి నుంచి యాభై మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. ఆమె ఆఫీసులో అది ఉందో లేదో మీ అబ్బాయి ఇంతవరకు కనుక్కున్నాడా? వియ్యపురాలు కొన్ని నెలలు రాగలరా? తండ్రిగా అతను తన సెలవులు ఏమైనా వాడగలడా? ఇవన్నీ అడిగాక కూడా మీరే కావాలంటే అప్పుడు అది నిజమైన అవసరం. ఏమీ అడగకుండా అమ్మ ఉందిగా అనుకోవడం మాత్రం ఇళ్ళల్లో అలవాటుగా జరిగిపోతోంది. ఉద్యోగం చేసిన ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ తరచుగా చూస్తున్నాను, నాకది బాధ కలిగిస్తుంది.

పైగా, మీరు ఈ వారమే నోటీసు ఇచ్చినా మూడు నెలల గడువు ప్రకారం మామూలుగా జనవరికి బయటపడలేరు, ఫిబ్రవరి అవుతుంది. అంటే జనవరి, ఫిబ్రవరి నెలలకు వాళ్ళు ఎలాగూ ఇంకో ఏర్పాటు చేసుకోవాల్సిందే. ఆ ఏర్పాటు బాగానే నడిస్తే ప్రశ్న తీరే మారిపోతుంది. ఇంకొకటి: ఫిబ్రవరిలో వెళ్ళడమంటే మార్చిలో పబ్లిక్ పరీక్షలు రాయబోయే పదో తరగతిని లెక్కల టీచరు లేకుండా వదిలి వెళ్ళడం. దాన్ని మీరు తట్టుకోలేరని మీ ఉత్తరమే చెబుతోంది. కాబట్టి ఇప్పటికిప్పుడు వదిలేయడమన్నది మీకు నిజంగా ఉన్న దారి కాదనుకుంటాను, ఆయన ఆరోగ్యం అకస్మాత్తుగా మారితే తప్ప.

మిగిలినవి మూడు. ఈ విద్యాసంవత్సరం పూర్తిచేసి 2026 ఏప్రిల్ నెలాఖరున విరమించవచ్చు, దానికి జనవరి నెలాఖరులోగా నోటీసు ఇవ్వాలి. ఇలాచేస్తే పిల్లలు పరీక్షలు రాస్తారు, మనవడు పాకే వయసులో ఉండగా మీరు అతనికి అందుతారు. పోయేది పదిహేడు నెలల సగం జీతం. అప్పు లెక్క సరిపోతేనే ఇది చేయండి. ఇంకోటి, 2027 సెప్టెంబరు దాకా ఉండటం. దీంట్లో మీ సాటివాళ్ళు గమనించని ఒక చిక్కుంది: సెప్టెంబరు అంటే విద్యాసంవత్సరం మధ్యలో. జూన్‌లో మొదలుపెట్టిన పదో తరగతిని మూడున్నర నెలలకే వదిలి వెళతారు. మూడో దారి నాకు మీ స్వభావానికి దగ్గరగా కనిపిస్తోంది, అయినా చివరి మాట మీదే: 2027 ఏప్రిల్ నెలాఖరున, ఇంకో పూర్తి బ్యాచ్‌ను పరీక్షలకు పంపి, గడువుకు అయిదు నెలల ముందే విరమించడం. దానికి మీరు కట్టే మూల్యం అయిదు నెలల సగం జీతం, అందులో ఒక నెలా కొన్ని రోజులు వేసవి సెలవులే. ఆ లోపల ఒక వేసవి, దసరా, సంక్రాంతి సెలవులు మీకున్నాయి. ఏడాదికి ఇరవై చొప్పున చేరిన అర్ధవేతన సెలవులు మీ ఖాతాలో చాలానే ఉండి ఉంటాయి. వచ్చే వేసవి సెలవులకు ముందో వెనకో కొన్నిటిని వాడుకుని, ఆయనను వెంటబెట్టుకుని బెంగళూరులో రెండు నెలలు ఉండి చూడండి. ఆ సెలవులు వాడితే చివర్లో నగదుగా వచ్చే సెలవుల లెక్క ఏమైనా తగ్గుతుందేమో, సెలవుల మధ్య కలుపుకోవడానికి నిబంధన ఒప్పుకుంటుందో లేదో మీ హెడ్మాస్టరు గారిని ముందే అడగండి. అపార్ట్‌మెంటులో పదో అంతస్తులో ఆయనకు ఊపిరాడుతుందా, మీ మోకాళ్ళు బిడ్డను మోయగలవా, కోడలితో ఒకే వంటింట్లో పొసగుతుందా అన్నది ఆ రెండు నెలల్లో తెలుస్తుంది. ఉద్యోగం చేతిలో ఉండగా తెలుసుకోవడం మేలు. నోటీసు ఇచ్చాక మనసు మారితే, విరమణ తేదీకి ముందే అర్జీ పెట్టుకుని అధికారుల అనుమతితో వెనక్కి తీసుకునే వీలుంది గానీ, అది వాళ్ళ దయమీద ఆధారపడి ఉంటుంది, దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

మీ అక్క కొడుకు మాట గురించి. ఆ కుర్రవాడి బాధలో న్యాయం ఉంది. 2022 జనవరి నుంచి విరమణ వయసును 60 నుంచి 62కు పెంచినప్పుడు రెండేళ్ళ పాటు ఖాళీలు ఏర్పడకపోవడం నిరుద్యోగులకు నిజంగానే దెబ్బ. కానీ ఆ నిర్ణయం ప్రభుత్వానిది. ఇదే రాష్ట్రంలో 1983లో విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు, మరుసటి ఏడాదే మళ్ళీ 58 చేశారు. 2014లో 60 అయింది. పక్కనున్న తెలంగాణలో ఇప్పుడు 61. మీరు అక్కడ ఉద్యోగం చేస్తూ ఉంటే 2026 సెప్టెంబరుకే ఇంటికి వచ్చేసేవారు. ప్రభుత్వాలు గీసే ఈ గీతలకు మీ ఒంట్లో ఉన్న ఓపికతో సంబంధం లేదు, మీ తప్పొప్పులతోనూ లేదు. పైగా స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో ఎక్కువ భాగం ప్రమోషన్లతో నిండేవే, మీ కుర్చీ ఖాళీ అయితే నేరుగా మీ అక్క కొడుక్కి వెళ్ళదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అతనికి మీవల్ల కాగల సాయం ఒకటుంది, సాయంత్రాలు గంటసేపు కూర్చోబెట్టి లెక్కల మెథడాలజీ చెప్పండి.

ఇక మూడో విషయం, మీరు ఉత్తరంలో అతి తక్కువగా రాసినది. ఆయన గురించి, కొడుకు గురించి, అప్పు గురించి పేజీలు నిండాయి. మీకేం కావాలో మాత్రం ఆ మోకాళ్ళ వాక్యం ఒక్కటే చెప్పింది. మిమ్మల్ని అలసటకు గురిచేస్తున్నది పాఠమా, పాఠం చుట్టూ ఉన్న పనులా అని ఒక నెలపాటు గమనించుకోండి. పాఠమే భారమైతే, తరగతి గదిలోకి అడుగు పెట్టడానికి ముందు గుండె బరువెక్కుతుంటే, డబ్బు కోసం రెండేళ్ళు లాగడం మీకూ పిల్లలకూ మంచిది కాదు. పాఠం ఇంకా మీకు బలాన్నిస్తూ, యాప్‌లూ ఫొటోలే విసుగైతే, వాటిని కొత్తగా వచ్చిన టీచర్లతో పంచుకోవడానికి హెడ్మాస్టరు గారితో మాట్లాడవచ్చు. బదులుగా వాళ్ళ పదో తరగతి రివిజన్ క్లాసు ఒకటి మీరు తీసుకోవచ్చు. నిలబడి చెప్పడం కష్టమైతే బోర్డు పక్కన ఎత్తైన స్టూలు వేయించుకోండి, అది అడగడానికి మొహమాటపడకండి. ఎముకల డాక్టరుకు మోకాళ్ళు చూపించుకున్నట్లు కూడా మీరు రాయలేదు. ఆయన కోసం ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు మీ పేరున కూడా ఓపీ చీటీ రాయించుకోండి.

కొడుకుతో వచ్చే ఆదివారం మాట్లాడేటప్పుడు, వస్తాననో రాననో చెప్పకండి. జనవరికి రాలేననీ, వేసవిలో మీ ఇద్దరూ రెండు నెలలు వచ్చి ఉంటారనీ, ఆ తర్వాతి సంగతి అప్పుడు చూద్దామనీ, ఈలోగా క్రెష్ వివరాలు కనుక్కోమనీ చెప్పండి. అతను నొచ్చుకోవచ్చు. కొన్ని ఆదివారాలు ఫోను ముక్తసరిగా సాగవచ్చు. దానికి మీరు సిద్ధపడి ఉంటే చాలు. బ్యాంకు కాగితమూ, డాక్టరు మాటా, ఆయన మనసులో మాటా, ఈ మూడూ జనవరి నెలాఖరుకు మీ చేతిలో ఉంటే, 2026 ఏప్రిల్‌కు నోటీసు ఇవ్వాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు.